డబ్బా తెరవొద్దన్నదీ వాళ్లే, తెరిచి చూసుకోలేదేం అన్నదీ వాళ్లే: ఒక వాషింగ్ మెషిన్ కేసు

నేను లాయర్ని. ఫ్రిజ్జులు, ఏసీలు, వాషింగ్ మెషిన్లు, ఇవన్నీ కలిపి ఏడాదికి ఓ పది కేసులన్నా నా దగ్గరికి వస్తాయి, వచ్చినవాటిల్లో సగం నోటీసుతోనే సెటిలైపోతాయి, మిగతావాటిల్లో చాలావరకు కాగితం లేక మేమే వెనక్కి తగ్గుతాం. కన్స్యూమర్ కమిషన్‌లో చివరిదాకా నడిచి, ఆర్డర్ వచ్చి, డబ్బులు కూడా చేతికొచ్చినవి తక్కువ. అందులో ఒకటి ఇది. క్లయింట్ ఖమ్మంలో ఉండే ఒక ఏఎన్ఎం, పేరు చెప్పను, నేను అక్కా అనే పిలుస్తాను కాబట్టి ఇక్కడా అక్క అనే రాస్తాను. షోరూం పేరు, కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే ఇది ఒక్క షోరూం కథ కాదు, ఊరు మార్చి బ్రాండ్ మార్చి చూసినా ఇదే కథ.

2023 అక్టోబర్ 18, దసరా ఆఫర్ల టైం. 8 కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్, బిల్లు 36,490 రూపాయలు. 6,490 కట్టి మిగతా 30 వేలు ఫైనాన్స్, నెలకి 3,000 చొప్పున పది నెలలు, నో కాస్ట్ ఈఎంఐ. మర్నాడు సాయంత్రం ట్రాలీ ఆటోలో వచ్చింది. అక్క డ్యూటీలో ఉంది, ఇంట్లో అత్తగారు ఒక్కరే. రెండో ఫ్లోర్, లిఫ్ట్ లేదు. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఎత్తినవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి, లోపల డ్రమ్ము ఊగకుండా బరువు కోసం కాంక్రీట్ దిమ్మెలు బిగిస్తారు, మొత్తం 65, 70 కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఇద్దరు కుర్రాళ్లు తాడు కూడా లేకుండా మెట్ల మీదుగా ఎక్కించారు. మొదటి ఫ్లోర్ మలుపులో డబ్ మని పెద్ద చప్పుడైందని కింద పోర్షన్ వాళ్లు తర్వాత చెప్పారు. అఫిడవిట్ ఇస్తారా అంటే మాత్రం "మాకెందుకు సార్ కోర్టు గొడవలు" అన్నారు. అది మామూలే, చప్పుడు విన్నవాళ్లు పదిమంది ఉంటారు, సంతకం పెట్టేవాళ్లు ఒక్కరుండరు.

పైకి తెచ్చి హాల్లో పెట్టి చలాన్ మీద సంతకం పెట్టమన్నారు. అత్తగారు అడిగారంట, డబ్బా తెరిచి చూపించవా నాయనా అని. "వద్దమ్మా, మీరు తెరిస్తే వారంటీ పోతది, కంపెనీ అతను వచ్చి తెరుస్తడు" అని చెప్పి, 50 రూపాయలు టీ డబ్బులు అడిగి తీసుకుని పోయారు. డబ్బా మీద కూడా అదే మాట స్టిక్కర్ రూపంలో ఉంది, ఆథరైజ్డ్ టెక్నీషియన్ వచ్చేవరకు తెరవకండి అని. చలాన్ మీద కింద చిన్నక్షరాల్లో ఒక లైను ముందే అచ్చేసి ఉంటుంది, సరుకు మంచి కండిషన్‌లో అందుకున్నాను అని. బిల్లు వెనక ఇంకో లైను, డ్యామేజ్ ఏమన్నా ఉంటే 48 గంటల్లో చెప్పాలి, తర్వాత షోరూంకి సంబంధం లేదు అని.

ఇప్పుడు ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తెరవొద్దు. బాగుందని సంతకం పెట్టు. 48 గంటల్లో డ్యామేజ్ చెప్పు. తెరవాల్సిన మనిషి ఎప్పుడొస్తాడయ్యా అంటే, పండగ రష్షు కాబట్టి సరిగ్గా ఏడో రోజు, అక్టోబర్ 26న వచ్చాడు. కేసు మొత్తం ఈ ఏడు రోజుల గ్యాప్ మీదే నడిచింది.

వచ్చిన టెక్నీషియన్ మంచివాడు, ఇది మాత్రం ఖచ్చితంగా రాయాలి. డబ్బా కోసేటప్పుడే కింద మూల అట్ట నలిగి ఉండటం చూసి, "అక్కా ఫోన్ తీసి వీడియో పట్టు" అని అతనే అన్నాడు. థర్మోకోల్ ఆ మూల రెండు ముక్కలైంది. మెషిన్ వెనక కింద కుడిమూల రేకు లోపలికి అరచేయంత నొక్కుకుపోయింది. ఫ్రంట్ లోడ్ మెషిన్లకి వెనకవైపు ట్రాన్సిట్ బోల్టులని ఉంటాయి, బండిలో వచ్చేటప్పుడు డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచేవి, బిగించే ముందు అవి విప్పేయాలి, విప్పకుండా నడిపితే మెషిన్ గంతులేస్తుంది. దీనికి నాలుగు. మూడు సాఫీగా వచ్చేశాయి, నాలుగోది స్పానర్ పెడితే తిరగట్లేదు, బలవంతంగా లాగితే వంకరగా వచ్చింది. బోల్టే వంగిందంటే డ్రమ్ము ఎంత దెబ్బ తిని ఉంటుందో అతనికి అర్థమైపోయింది. అయినా నీళ్ల పైపు కలిపి ఖాళీ డ్రమ్ముతో స్పిన్ పెట్టి చూశాడు, నిమిషం కాకముందే మెషిన్ గోడకి కొట్టుకుంటూ జానెడు ముందుకి జరిగింది, ప్లగ్ పీకేశాడు.

జాబ్ షీట్ మీద అతను పెన్నుతో రాసింది ఇది: "బాడీ బ్యాక్ సైడ్ బెండ్, ట్రాన్సిట్ బోల్ట్ బెండ్, స్పిన్‌లో హెవీ వైబ్రేషన్, పీస్ రీప్లేస్ చెయ్యాలి." కింద తేదీ, సంతకం. తర్వాత మేనేజర్‌కి ఫోన్ చేశాడు. అవతల ఏమన్నారో తెలీదు గానీ, ఫోన్ పెట్టేసి మొహం చిన్నది చేసుకుని "అక్కా, ఇన్‌స్టలేషన్ కాల్ క్లోజ్ చేస్తే గానీ రీప్లేస్‌మెంట్ కాల్ ఓపెన్ కాదంట, ఓటీపీ వచ్చింది చెప్పవా" అన్నాడు. అక్క చెప్పేసింది. పది సెకన్లలో మెసేజ్, మీ ఇన్‌స్టలేషన్ విజయవంతంగా పూర్తయింది, మా సర్వీస్‌కి ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

ఆ ఓటీపీ మాకు ఎనిమిది నెలల తలనొప్పి తెచ్చింది. మీ ఇంటికొచ్చిన కుర్రాడు ఎంత మంచివాడైనా సరే, పని సరిగ్గా కాకుండా ఓటీపీ చెప్పొద్దు. అతని ఇన్సెంటివ్ పోతుందని జాలిపడితే టీ ఇవ్వండి, ఓటీపీ ఇవ్వకండి.

ఆ సాయంత్రమే అక్క షోరూం మేనేజర్‌కి ఫోటోలు, వీడియో వాట్సాప్ చేసింది. బ్లూ టిక్ పడింది. జవాబు మర్నాడు, "మేడం 48 గంటలు దాటింది, కంపెనీ టోల్‌ఫ్రీకి చెయ్యండి." కంపెనీకి చేస్తే, "ఫిజికల్ డ్యామేజ్ వారంటీలో కవర్ కాదు మేడం, ప్యానెల్ మార్చాలంటే ఎస్టిమేట్ 4,800 అవుతుంది, ఓకే అంటే కాల్ రిజిస్టర్ చేస్తా." ఒక్క రోజు కూడా బట్టలు ఉతకని మెషిన్‌కి 4,800 రిపేరు. షోరూం వాళ్లేమో కంపెనీ అంటారు, కంపెనీ వాళ్లేమో డీలర్ అంటారు, అత్తగారి మాటల్లో చెప్పాలంటే పెళ్లివారిల్లు అటు విడిదిల్లు ఇటు, మధ్యలో మేం కావిడి మోస్తున్నం.

నవంబర్ 3న ఎవరో చెబితే 1915కి ఫోన్ చేసింది. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. చాలామంది అక్కడ కంప్లయింట్ పెడితే కేసు పెట్టినట్టే అనుకుంటారు, కాదు, వాళ్లు కంపెనీకి పంపించి జవాబు తెప్పిస్తారు, ఆర్డర్ వేసే పవర్ వాళ్లకి లేదు. మరి ఎందుకు చెయ్యాలి అంటే, ఆ జవాబు కోసం. ఈ కేసులో కంపెనీ హెల్ప్‌లైన్‌కి పెట్టిన జవాబు ఏంటంటే, "ట్రాన్సిట్ డ్యామేజ్ గమనించాం, ఇది వారంటీ పరిధిలోకి రాదు." కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఎవరో పాపం రోజుకి వంద కంప్లయింట్లకి కొట్టే లైను కొట్టేశాడు. ఆ రెండు పదాలు చూసి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ట్రాన్సిట్ డ్యామేజ్ అంటే దారిలో తగిలిన దెబ్బ. అంటే దెబ్బ ఇంట్లో తగల్లేదని కంపెనీయే రాసిచ్చింది కదా.

అక్క నా దగ్గరికి వచ్చేసరికి నవంబర్ మూడో వారం. ఫైలు తెచ్చింది, ఫైలంటే పప్పులు తెచ్చిన కిరాణా కవరు, అందులో బిల్లు, చలాన్, జాబ్ షీటు, ఫైనాన్స్ కాగితాలు, ఇంకా అడుగున ఒక పసుపు డబ్బా. తెరిస్తే అందులో ఆ వంగిన బోల్టు. అత్తగారు దాచారంట, "ఇనుము వంగిందంటే ఊరికే వంగదు బాబూ" అని. ఆవిడే థర్మోకోల్ ముక్కలు, అట్టపెట్టె కూడా పారేయకుండా సజ్జ మీద పెట్టించింది, కేసు కోసం కాదులెండి, చలికాలం దుప్పట్లు పెట్టుకుందామని. తర్వాత మా జూనియర్‌ని పంపి, అట్టపెట్టె నలిగిన మూల, థర్మోకోల్ విరిగిన మూల, రేకు నొక్కుకున్న మూల, మూడింటినీ వరసగా నేల మీద పెట్టి పక్కన టేపు పరిచి ఫోటోలు తీయించాను. మూడూ ఒకే ఎత్తులో, ఒకే మూల. డబ్బా లోపల ఉండగానే దెబ్బ తగిలిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్షి ఎవరు కావాలి. మనవాళ్లు కొత్త వస్తువు రాగానే ముందు చేసే పని అట్టపెట్టె పాత పేపర్లవాడికి వెయ్యడం. కనీసం నెల రోజులు ఆగండి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. నవంబర్ 24న రిజిస్టర్డ్ పోస్టులో షోరూంకి, కంపెనీకి లీగల్ నోటీసు పంపాం, 15 రోజుల టైం ఇచ్చి. డ్రాఫ్ట్ మా జూనియర్ చేశాడు, పాత కారు కేసు ఫార్మాట్ తీసి పేర్లు మార్చాడు, నేను వాయిదా హడావుడిలో సరిగ్గా చూడకుండా సంతకం పెట్టాను. అందులో మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ అని పడిపోయింది. చూడ్డానికి చిన్న మాటే, కానీ ఇలాంటి కేసుల్లో చాలామటుకు మునిగేది అక్కడే. తయారీలో లోపం అన్నావంటే నిరూపించాల్సిన భారం నీ నెత్తిన పడుతుంది, ఎక్స్‌పర్ట్ రిపోర్ట్ ఏది, ల్యాబ్ టెస్ట్ ఏది అంటారు. పైగా వాళ్ల చేతిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి రెడీగా ఉంటుంది, 2006 నాటి మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా, వారంటీ కింద పాడైన పార్టు మార్చాలి గానీ మొత్తం బండి మార్చక్కర్లేదు అని. మా కేసు అసలు అది కానే కాదు. ఫ్యాక్టరీలో బాగానే తయారై ఉండొచ్చు, మాకు అందింది మాత్రం పగిలిన సరుకు. కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ 2019లో సెక్షన్ 2(10) చూస్తే డిఫెక్ట్ అంటే క్వాలిటీలో, స్టాండర్డ్‌లో ఉండాల్సినదానికి ఏ లోపమున్నా, ఏ కొరత ఉన్నా డిఫెక్టే, అది ఫ్యాక్టరీలో వచ్చిందా మెట్ల మీద వచ్చిందా అని అక్కడ తేడా లేదు. కంప్లయింట్ వేసేటప్పుడు ఆ పదం మొత్తం తీసేసి, దెబ్బతిన్న సరుకు డెలివరీ చేశారు, చెప్పినా వెనక్కి తీసుకోలేదు, అంతే అని రాశాం. కానీ నోటీసులో ఉన్నది ఉన్నదే, కంపెనీ లాయర్ దాన్ని పట్టుకుని వాదనలో ఓ పావుగంట ఆడుకున్నాడు నన్ను.

కంప్లయింట్‌కి అసలు బలం సెక్షన్ 2(47). అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్ అంటే మనవాళ్లకి తప్పుడు యాడ్లు మాత్రమే గుర్తొస్తాయి, కానీ 2019 చట్టంలో దాని కింద ఇంకో ముక్క ఉంది, లోపమున్న సరుకుని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించినా అదీ అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీసే, బిల్లులో గడువు రాసుంటే ఆ గడువులో, రాయకపోతే 30 రోజుల్లో. మరి బిల్లులో 48 గంటలని రాసుంది కదా అంటారు, అక్కడే వాదన. డబ్బా తెరవడానికి వీల్లేదని నువ్వే చెప్పి, ఆ తెరిచే మనిషిని నువ్వు ఏడో రోజు పంపి, 48 గంటల లెక్క డెలివరీ రోజు నుంచి మొదలుపెడితే ఎట్లా? లెక్క డబ్బా తెరిచిన రోజు నుంచి మొదలవ్వాలి, తెరిచిన గంటల్లోనే మేం చెప్పాం, వాట్సాప్ ఉంది. దీనికి తోడు అందరూ మర్చిపోయిన పాత చట్టం ఒకటుంది, సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930. సెక్షన్ 41, కొన్నవాడు ముందు చూసుకోని సరుకు ఇంటికొస్తే, పరీక్షించి చూసుకునే న్యాయమైన అవకాశం దొరికేదాకా దాన్ని అంగీకరించినట్టు లెక్క కాదు. చలాన్ మీద సంతకం దేనికి పెట్టారండీ అంటే, అట్టపెట్టె అందిందని. లోపల ఏముందో కనపడే కళ్లు అక్క వాళ్ల అత్తగారికి లేవు, కమిషన్ ముందు కూడా ఇదే అన్నాను, మెంబర్ గారు నవ్వారు కూడా.

ఫైలింగ్ విషయం త్వరగా చెప్తాను. సంక్రాంతి అయ్యాక 2024 జనవరిలో ఈ-దాఖిల్‌లో వేశాం, కన్స్యూమర్ కేసులు ఆన్‌లైన్‌లో వేసే వెబ్‌సైట్ అది, ఇప్పుడైతే దాని బదులు 2025 జనవరి నుంచి ఈ-జాగృతి వచ్చింది. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. పాత 1986 చట్టంలో అవతలివాళ్లు ఉన్నచోటికో కొన్నచోటికో పోవాల్సి వచ్చేది, కొత్తదాంట్లో మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి ఇది పెద్ద వరం. కేసు పెట్టడానికి రెండేళ్ల టైం ఉంటుంది. లాయర్ లేకుండా మీరే వేసుకుని మీరే మాట్లాడొచ్చు, ఇది రాస్తే మా బార్ వాళ్లు తిడతారు గానీ నిజం నిజమే.

ఎవరెవర్ని పార్టీలుగా చేర్చాలి అన్నదాని మీద మాత్రం కొంచెం ఆలోచించాం. షోరూం ఒకటి, కంపెనీ రెండు. ఆటో వాళ్లని చేర్చలేదు, వాళ్లు షోరూం పంపిన మనుషులు, అక్కకి వాళ్లతో ఏ ఒప్పందమూ లేదు, చేరిస్తే షోరూం వాడికి నెపం వెయ్యడానికి ఒక తల దొరుకుతుంది. ఫైనాన్స్ కంపెనీని కూడా చేర్చలేదు. అక్క కోపంలో ఈఎంఐ ఆపేస్తానంది, నేను ఒప్పుకోలేదు, మెషిన్ పాడైందని ఈఎంఐ ఆపితే వాళ్లు మన సిబిల్ పాడు చేస్తారు, అప్పు వేరు సరుకు వేరు అంటారు, ఆ గొడవ ఇంకో కేసంత అవుతుంది. పది నెలలూ కట్టింది పాపం, వాడని మెషిన్‌కి. ప్రతి నెలా 5వ తారీకు డబ్బు కట్ అయిన మెసేజ్ రాగానే నాకు ఫార్వర్డ్ చేసేది, ఏమీ రాయకుండా, ఉత్త మెసేజ్.

కమిషన్ నోటీసులు ఫిబ్రవరి చివర్లో అందాయి. చట్టం ప్రకారం జవాబు వెయ్యడానికి 30 రోజులు, కమిషన్ ఇస్తే ఇంకో 15, ఆపైన ఒక్కరోజు కూడా లేదు. ఇది 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన సంగతి, న్యూ ఇండియా ఎష్యూరెన్స్ వర్సెస్ హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో, పాత చట్టం మీద ఇచ్చిన తీర్పైనా కొత్త చట్టంలో కూడా లైను అదే. కంపెనీ 40వ రోజు వేసింది. షోరూం వాళ్లు తాపీగా 61వ రోజు వకాల్తాతో పాటు కౌంటర్ పట్టుకొచ్చారు, కమిషన్ తీసుకోలేదు. లోకల్ షోరూంలు చాలావాటికి ఇది సివిల్ కోర్టు అనుకునే అలవాటు, అక్కడైతే నాలుగు వాయిదాలు లాగొచ్చు కదా.

కంపెనీ కౌంటర్‌లో మెయిన్ పాయింట్ మళ్లీ ఆ ఓటీపీయే. మా సిస్టమ్‌లో ఇన్‌స్టలేషన్ సక్సెస్‌ఫుల్ అని ఉంది, కస్టమరే ఓటీపీ ఇచ్చి కన్ఫర్మ్ చేసింది, డ్యామేజ్ ఆ తర్వాత ఇంట్లో జరిగింది. మా చేతిలో అదే తేదీ జాబ్ షీట్ ఉంది. ఆ సంతకం మా టెక్నీషియన్‌దో కాదో తెలీదు అన్నారు. సరే అని ఒక అప్లికేషన్ వేశాం, టెక్నీషియన్ ఆ రోజు మీ యాప్‌లో అప్‌లోడ్ చేసిన ఫోటోలు, మీ దగ్గరున్న జాబ్ షీట్ కాపీ తీసుకురండి అని. డాక్యుమెంట్లు తెప్పించే పవర్ కమిషన్‌కి సెక్షన్ 38(9) కింద సివిల్ కోర్టుకి ఉన్నట్టే ఉంటుంది, కానీ అడిగేవాళ్లే తక్కువ. రెండు వాయిదాలు టైం అడిగి, చివరికి డేటా అందుబాటులో లేదు అన్నారు. చేతిలో ఉండాల్సిన కాగితం తేకపోతే అది తెస్తే నీకే నష్టం కాబట్టి తేలేదు అని కోర్టు అనుకోవచ్చు, ఎవిడెన్స్ చట్టంలో పాత సూత్రమే. ఆ రోజుతో ఓటీపీ వాదన చచ్చిపోయింది.

వీడియో, వాట్సాప్ చాట్ వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ పెట్టడం మర్చిపోకండి, అప్పుడు ఎవిడెన్స్ యాక్ట్ 65బి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63. అసలు ఫోన్ మార్చేసి, చాట్ డిలీట్ చేసేసి స్క్రీన్‌షాట్ మాత్రం పట్టుకొచ్చే క్లయింట్లని చూస్తే ఏడుపొస్తుంది. అక్క ఫోన్ స్క్రీన్ పగిలినా మార్చలేదు కేసయ్యేదాకా, ఆ క్రెడిట్ ఆమెకే.

మధ్యలో మే నెలలో రాజీకి అవకాశం వచ్చింది. కంపెనీ లాయర్ బయట కారిడార్‌లో, కొత్త పీస్ ఇస్తాం, పరిహారం అడక్కండి, కేసు విత్‌డ్రా చేసుకోండి అన్నాడు. నేనైతే తీసుకోమన్నాను. అక్క వద్దంది. అప్పటికే యూనిఫాంలు ఉతుక్కోలేక జనవరిలో వేరే షాపులో 9,500కి ఒక సెమీ ఆటోమేటిక్ కొనుక్కుంది, "మళ్లీ అదే షోరూం వాళ్ల బండిలో, అవే మెట్లు, నాకొద్దు సార్, నా డబ్బు నాకు కావాలె" అంది. నాకు ఇప్పటికీ ఆ రోజు తీసుకునుంటే బాగుండేదనే ఉంది, ఏడు నెలలు ముందే తేలిపోయేది. కానీ తిరుగుడు ఆమెది, నిర్ణయం ఆమెది.

ల్యాబ్ టెస్ట్ అవసరం లేని కేసుల్ని 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మాది పది నెలలు దాటి 2024 డిసెంబర్‌లో తేలింది, మా దగ్గర దీన్ని ఫాస్ట్ అంటారు. ఆర్డర్ ఏంటంటే, షోరూం, కంపెనీ ఇద్దరూ కలిసి గానీ విడివిడిగా గానీ 36,490 రూపాయలు కొన్న తేదీ నుంచి 9 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలి, మానసిక క్షోభకి 10 వేలు, ఖర్చులకి 5 వేలు, 45 రోజుల్లో. మెషిన్‌ని వాళ్ల ఖర్చుతో వాళ్లే తీసుకెళ్లాలి. మేం పరిహారం లక్ష అడిగాం, వచ్చింది పదో వంతు. ఉతికే మనిషికి నెలకి 800 ఎక్కువ ఇచ్చాను అని అక్క అఫిడవిట్‌లో రాసింది, రసీదు లేదు కాబట్టి దాని ఊసే ఎత్తలేదు ఆర్డర్‌లో. లక్ష అడగటం కూడా మన అలవాటు లోపమే, 36 వేల మెషిన్‌కి లక్ష చూస్తే కమిషన్‌కి అక్కడే కనుబొమ్మలు లేస్తాయి, లెక్క రాసి పాతికవేలు అడిగుంటే ఇంకొంచెం వచ్చేదేమో.

ఆర్డర్‌లో నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. ఫిజికల్ డ్యామేజ్ వారంటీలో రాదు అన్నదానికి కమిషన్ చెప్పింది, వారంటీ అనేది సరుకు సరిగ్గా అందిన తర్వాత మొదలయ్యే హామీ, సరుకే సరిగ్గా అందనప్పుడు ఆ షరతులు చూపించి తప్పుకోలేరు అని. ఇలా పాయింట్ మీదికి రావడం అరుదు, ఎక్కువ ఆర్డర్లు సెక్షన్లు వల్లెవేసి చివర్లో ఓ అంకె వేస్తాయి.

45 రోజులైంది, అప్పీలూ లేదు డబ్బూ లేదు. అప్పీలు వేయాలంటే ఆర్డర్ మొత్తంలో సగం ముందు డిపాజిట్ చెయ్యాలి, అందుకే చిన్న కేసుల్లో ఎక్కువ వెయ్యరు, మౌనంగా కూర్చుంటారు, మీరు మర్చిపోతారేమో అని. మార్చిలో ఆర్డర్ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్‌తో పాటు కన్స్యూమర్ చట్టం సెక్షన్ 72 కింద కూడా వేశాం, ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా ఫైను, లేదా రెండూ. సమన్స్ షోరూం ఓనర్ పేరు మీద పోయింది. వాయిదాకి రెండు రోజుల ముందు ఫోన్, సార్ అకౌంట్ నంబర్ పెట్టండి అని. 2025 ఏప్రిల్‌లో వడ్డీతో కలిపి 56 వేల చిల్లర అక్క ఖాతాలో పడింది. అదే రోజు మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేసింది, ఈసారి కింద ఒక దండం బొమ్మ పెట్టి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు నన్నడుగుతుంటారు, మాకూ ఇదే వర్తిస్తుందా అని. చట్టం అదే, పైగా 2020 ఈ-కామర్స్ రూల్స్ ఇంకొంచెం ఎక్కువే ఇస్తాయి, గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో కంప్లయింట్ అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి లేదు. అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రీఫండ్ లేదు అని రాస్తారు చూడండి, వీడియో ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు, కానీ ఉంటే మీ పని సగం తగ్గుతుంది, తీసుకోండి. అక్కడ కూడా అసలు చిక్కు ఇదే, డెలివరీ ఒకరు, ఇన్‌స్టలేషన్ ఇంకొకరు, రిటర్న్ గడువు డెలివరీ నుంచి. కాబట్టి ఇన్‌స్టలేషన్ లేటవుతుంటే ఊరికే ఎదురుచూడకుండా, మీ మనిషి ఇంకా రాలేదు, డబ్బా తెరవలేదు, గడువు తెరిచిన రోజు నుంచే లెక్క అని ఒక మెయిల్ పెట్టేయండి. రెండు లైన్ల మెయిల్. అది అక్క దగ్గర ఉండుంటే నేను సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ దాకా పోవాల్సిన పనే ఉండేది కాదు.

మెషిన్ సంగతి చెప్పలేదు కదా. ఆర్డర్ ప్రకారం వాళ్లు తీసుకెళ్లాలి, డబ్బు పడగానే తీసుకెళ్లండి అని షోరూంకి రిజిస్టర్డ్ లెటర్ రాశాం, కంపెనీకి మెయిల్ పెట్టాం, అది మన బాధ్యత కాబట్టి, రేపు మెషిన్ ఉంచేసుకున్నారని మన మీదే తిరగకూడదు కదా. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. రెండో ఫ్లోర్ నుంచి 70 కిలోలు దించడం ఎవరికి ఇష్టం. పోయిన వారం వేరే పని మీద ఫోన్ చేస్తే అత్తగారే ఎత్తారు, బాల్కనీలో దాని మీద దుప్పటి పరిచి గుమ్మడికాయ వడియాలు పెట్టారంట, ఎత్తుగా ఉంది, కోతులు రావట్లేదు, బాగా ఎండుతున్నాయి బాబూ అన్నారు.